ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం: హబ్ గేరు సైకిలా, డిరైలర్ సైకిలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖలో ఇల్లు ఎంవీపీ కాలనీ, ఆఫీసు సిరిపురం, ఆదివారం ఓపిక ఉంటే రుషికొండ దాకా. స్పీడు మీద మోజు లేదు. తెలిసినాయన మూడు గేర్ల షిమానో నెక్సస్ హబ్ (గేర్లు వెనక చక్రం మధ్యలోనే దాగి ఉండే రకం) ఉన్న పాత సైకిల్ అమ్ముతానంటున్నారు, షాపులోనేమో 21 గేర్ల డిరైలర్ సైకిల్ (చైను బయట ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మారే రకం) కొనమంటున్నారు.

మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. డిరైలర్ సైకిల్ ఆరేళ్ల నుంచి తొక్కుతున్నాను. హబ్ సైకిల్ మా అపార్ట్‌మెంట్‌లో ఉండే నేవీ ఆయన బదిలీ మీద వెళ్తూ నాకు అమ్మారు, నాలుగేళ్లయింది. దాన్ని నేనూ, మా ఆవిడా ఇద్దరం వాడతాం. మీ అవసరానికి హబ్ సైకిలే తీసుకోండి, కానీ కొన్న వారంలోనే వెనక పళ్ల చక్రం మార్పించండి. ఆ మార్పు చేయించకపోతే సిరిపురం ఎత్తులో మీకు దాని మీద విసుగు పుడుతుంది.

ముందు డిరైలర్ సంగతి. చైనును ఒక పళ్ల చక్రం మీది నుంచి పక్కదాని మీదికి నెట్టడమే దాని పని. అది వెనక చక్రానికి కుడిపక్కన, ఏ అడ్డూ లేకుండా బయటికి వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచేది హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క. సైకిల్ కుడివైపు పడితే ఫ్రేముకు దెబ్బ తగలకుండా ఈ ముక్క వంగిపోతుంది. అది వంగిందని చూడగానే తెలియదు.

మా సెల్లార్‌లో ఎవరో స్కూటర్ తీస్తూ నా సైకిల్‌ను పడేసి, మళ్లీ నిలబెట్టి వెళ్లిపోయారు. అది తెలియక ఆ సాయంత్రం బీచ్‌కి వెళ్లి, తిరుగు దారిలో పాండురంగాపురం డౌన్‌ను ఎదురెక్కుతూ అన్నిటికన్నా తేలిక గేరులోకి మార్చాను. టక్కుమని చప్పుడైంది, పెడల్ బిగుసుకుపోయింది. దిగి చూస్తే డిరైలర్ చువ్వల మధ్యకి దూరిపోయింది. తేలిక గేరంటే చువ్వల పక్కనే ఉండే పెద్ద పళ్ల చక్రం కదా, వంగిన హ్యాంగర్ దాన్ని ఇంకాస్త లోపలికి తోసేసింది. మూడు చువ్వలు తెగాయి, చైను మెలిపడింది, హ్యాంగర్ రెండు ముక్కలైంది. సైకిల్‌ను వెనక చక్రం ఎత్తి పట్టుకుని ఇంటిదాకా నడిపించాను. హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారంలో ఉంటుంది. నాకు కావలసింది అడిగిన షాపుల్లో దొరకలేదు, తెప్పించుకునేసరికి పన్నెండు రోజులు పట్టింది. కాబట్టి డిరైలర్ సైకిలే కొనాలనుకుంటే ఆ రోజే ఇంకో హ్యాంగర్ కూడా కొని సీటు కింద సంచిలో పడేయండి.

హబ్‌లో ఈ భయం లేదు. గేర్లన్నీ వెనక చక్రం మధ్య డబ్బాలో, గ్రీజులో ఉంటాయి. బయట కనపడేది ఒక చైను, ఒక పళ్ల చక్రం, పాత సైకిళ్లలాగే. ఇదేమీ కొత్త వింత కాదు, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో స్టర్మీ ఆర్చర్ కంపెనీ మొదలైందే 1902లో, మూడు గేర్ల హబ్ కోసం.

మన ఊరి గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. బాల్కనీ గ్రిల్లునే తినేసే ఉప్పుగాలి చైనును వదులుతుందా? వానలో తడిసిన డిరైలర్ చైనును అలాగే వదిలేస్తే తెల్లారేసరికి కాషాయం రంగు తిరుగుతుంది. బీచ్ రోడ్డులో ఇసుక ఉండనే ఉంది. నేను వారానికోసారి కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క ఆయిల్ వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేస్తాను. పైన ఆయిల్ ఉంటే ఇసుక అతుక్కుని పళ్లను అరగదీస్తుంది. ఓపిగ్గా చేస్తే డిరైలర్ బాగానే పనిచేస్తుంది, కానీ రోజూ ఆఫీసుకెళ్లే మనిషికి ఆ ఓపిక ఎన్నాళ్లుంటుంది? హబ్ సైకిల్‌లో చైను పక్కకి జరగదు కాబట్టి పూర్తి చైన్ కవర్ వేసుకోవచ్చు. మా దానికి అదే ఉంది. నాలుగేళ్లలో కవర్ విప్పి చైను శుభ్రం చేసింది ఐదారుసార్లే. పైగా ఆ చైను మామూలు సైకిళ్లకు వేసే లావు చైనే, ఏ చిన్న కొట్టులోనైనా దొరుకుతుంది.

మా ఆవిడకి బాగా నచ్చింది మాత్రం వేరే. ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చొచ్చు. ఇసుకతోట దగ్గర ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగితే మనమూ ఆగిపోతాం. డిరైలర్ అయితే బరువు గేరులోనే చిక్కుకుంటాం, పెడల్ తిరిగితే గానీ అది మారదు. వెనక బస్సు హారన్, కాలు కింద కదలని పెడల్, ఆ టెన్షన్ తనకు అస్సలు పడదు. హబ్‌లో నిలబడే ఒకటికి తిప్పేసి, సిగ్నల్ పడగానే తేలిగ్గా కదలొచ్చు.

ఇక దాని లోటు. నెక్సస్ మూడు గేర్లలో రెండోది నేరు గేరు, అంటే పళ్ల చక్రం ఎంత తిరిగితే వెనక చక్రం అంతే తిరుగుతుంది. మొదటిది దానిలో 73 శాతం, మూడోది 136 శాతం. మా సైకిల్ వచ్చినప్పుడు ముందు 38 పళ్లు, వెనక 18 పళ్లు ఉండేవి. పెడల్ ఒక చుట్టు తిరిగితే మొదటి గేరులో బండి 3.4 మీటర్లు పోయేది. చదునైన రోడ్డులో అది హాయిగానే ఉంటుంది, ఎత్తులో మోకాళ్లు పట్టేస్తాయి. 21 గేర్ల సైకిల్‌లో ముందు 28, వెనక 28 పళ్లు వేస్తే అదే సైజు చక్రానికి ఒక చుట్టుకు 2.2 మీటర్లే. అందుకే అది ఎత్తులు చాలా తేలిగ్గా ఎక్కుతుంది.

నేను 18 తీయించి 21 పళ్లది వేయించాను. చక్రం విప్పాక ఆ పళ్ల చక్రాన్ని పట్టి ఉంచేది ఒక రింగు మాత్రమే, స్క్రూడ్రైవర్‌తో వచ్చేస్తుంది. చక్రాన్ని కాస్త ముందుకు జరిపితే చైను కూడా సరిపోయింది. ఇప్పుడు మొదటి గేరు 2.9 మీటర్లు, మూడోది 5.4. నిమిషానికి 70 చుట్లు తొక్కితే మూడో గేరులో గంటకు 22, 23 కిలోమీటర్లు వస్తుంది. ఆఫీసుకి అంతకన్నా ఎందుకు? తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు ఇప్పుడు మా ఆవిడ దిగకుండా ఎక్కుతుంది. అలాగని మరీ పెద్దది వేయకండి, హబ్ లోపలి పళ్ల మీద బలం ఎక్కువ పడుతుంది.

తొక్కే పద్ధతి కూడా ఒకటి నేర్చుకోవాలి. గేరు మార్చే క్షణంలో కాలి బలం వదలాలి. గట్టిగా తొక్కుతుంటే హబ్ మారదు. ఎత్తు మొదలవకముందే ఒకటికి వచ్చేయడం మంచిది.

గేరు జారుతున్నట్టు అనిపిస్తే కంగారుపడి హబ్ విప్పించకండి. చాలాసార్లు కేబుల్ సాగడమే కారణం. రెండో గేరులో పెట్టి, యాక్సిల్ కుడి చివరనున్న ప్లాస్టిక్ డబ్బా కిటికీలోకి చూడండి. పసుపు గుర్తుల మధ్యలోకి లోపలి గీత వచ్చేలా కేబుల్ స్క్రూ తిప్పితే చాలు. మా కొట్టాయన నెక్సస్ ఎప్పుడూ చూడలేదు, ఇది నేనే చూపించాను, రెండు నిమిషాల్లో పట్టేశాడు.

పంక్చర్ గురించి చాలామంది భయపెడతారు. వెనక చక్రం విప్పాలంటే 15 నంబరు స్పానరు కావాలి, కేబుల్ తప్పించాలి, నిజమే. కానీ మన పంక్చర్ కొట్టు వాళ్లు చక్రం విప్పరు కదా. టైరు ఒక పక్క ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, నీళ్ల బేసిన్‌లో ముంచి చూసి, ప్యాచ్ వేసి లోపలికి తోసేస్తారు. మాకు రెండుసార్లు అలాగే అయింది.

బరువు కొంచెం ఎక్కువ, తొక్కే బలంలో కొంత లోపలి పళ్ల దగ్గర పోతుంది. మీ దూరానికి అవి లెక్కలోకి రావు.

ఎప్పుడైనా ఎనిమిది గేర్ల నెక్సస్ మంచి ధరకు కనపడితే ఇంకేమీ ఆలోచించకండి, తేలిక గేరుకీ బరువు గేరుకీ మధ్య మూడింతల తేడా ఉంటుంది, ఊళ్లో ఏ ఎత్తుకైనా సరిపోతుంది. దానికి మాత్రం రెండేళ్లకో, 5000 కిలోమీటర్లకో లోపల ఆయిల్ పట్టించాలి, ఆ పని తెలిసిన మనిషిని ముందే చూసుకోండి.

ఆదివారాలు కైలాసగిరి ఘాట్ రోడ్డో, సింహాచలం కొండో ఎక్కాలనుకుంటే మాత్రం మూడు గేర్లు చాలవు, డిరైలరే. అప్పుడు కూడా 21 అనే అంకె చూసి మోసపోవద్దు, అందులో చాలా గేర్లు ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి. ముందు ఒకే చక్రం, వెనక ఏడో ఎనిమిదో ఉండి, పెద్దది 34 పళ్లది అయితే చాలు.

ఆ పాత సైకిల్‌కి డబ్బులిచ్చే ముందు పాండురంగాపురం డౌన్ కింద నుంచి పైకి ఒకసారి తొక్కి చూడండి. మూడు గేర్లలోనూ గట్టిగా తొక్కండి, జారితే ముందు కేబుల్ సరిచేసి మళ్లీ చూడండి. అప్పటికీ జారితే వదిలేయండి. వెనక చక్రం ఎత్తి చేత్తో తిప్పి వినండి. సన్నటి టిక్‌టిక్ మామూలే, గరగర వస్తే నీళ్లు లోపలికి వెళ్లాయన్నమాట. ప్రెజర్ వాటర్‌తో కడిగించేవారా అని కూడా ఆయన్ని అడగండి.