బ్యాండ్ 5లోనే ఉండిపోయిన ఫిజియోథెరపిస్టుకి నా జవాబు

"పక్క వార్డులో నాలాంటి పనే చేసేవాళ్లకి బ్యాండ్ 6, నాకు 5. అసలిది ఎవరు తేలుస్తారు?" అని అడిగారు. నేనూ బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఫిజియోథెరపిస్టునే. రెండేళ్లు ఇదే బాధ పడ్డాను.

2004లో అజెండా ఫర్ చేంజ్ అనే జీతాల పద్ధతి వచ్చినప్పటి నుంచి అక్కడ బ్యాండు, అంటే జీతం స్థాయి, పోస్టుని బట్టి ఉంటుంది. ఆ పోస్టులో ఉన్నవాళ్లు ఎంత కష్టపడుతున్నారన్నది లెక్కలోకి రాదు. డాక్టర్లు, డెంటిస్టులు, బాగా పై స్థాయి మేనేజర్లు తప్ప దాదాపు అందరి ఉద్యోగాలకీ 16 అంశాల మీద పాయింట్లు వేస్తారు. చదువు, అనుభవాలకే అన్నిటికన్నా ఎక్కువ, 240 దాకా. మానసిక వేదన కలిగించే పనికీ పాయింట్లున్నాయి గానీ 25 మించవు. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. మొత్తం 326 నుంచి 395 దాకా వస్తే బ్యాండ్ 5, 396 వస్తే 6.

కొత్త పేషెంట్లని నేనొక్కదాన్నే చూసేదాన్ని. ఎవరిని స్కాన్‌కి పంపాలో నేనే తేల్చేదాన్ని. కానీ ఏళ్ల కిందటి నా జాబ్ డిస్క్రిప్షన్‌లో "సీనియర్ పర్యవేక్షణలో" అన్న మాట అలాగే ఉండిపోయింది. నా బ్యాండ్‌ని ఆపింది ఆ ఒక్క మాటే. మేనేజర్ ఎంత మెచ్చుకున్నా పాయింట్లు వేసే ప్యానెల్ చూసేది కాగితాన్నే. అందుకే నెల రోజులు, ఏ నిర్ణయం ఎవరినీ అడగకుండా తీసుకున్నానో రోజూ డైరీలో రాశాను. యూనియన్ ప్రతినిధి పక్కన కూర్చుని ఒక్కో లైనూ దిద్దించారు, మేనేజర్ సంతకం పెట్టారు. మళ్లీ మదింపు చేసినప్పుడు 6 వచ్చింది.

ఈ పద్ధతి వెనక మనలాంటివాళ్ల పోరాటం కూడా ఉంది. పామ్ ఎండర్బీ అనే స్పీచ్ థెరపిస్టు, ఎక్కువమంది ఆడవాళ్లే ఉన్న తమ వృత్తికి సైకాలజిస్టులకన్నా, ఫార్మసిస్టులకన్నా తక్కువ జీతం ఎందుకని 1986లో కేసు వేశారు. జీతాల బేరాలు వేర్వేరుగా జరిగాయన్న ఒక్క కారణం ఆ తేడాకి సరిపోదని 1993లో యూరోపియన్ కోర్టు చెప్పింది. ఆవిడ పేరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ధైర్యం వస్తుంది.

మీరు రేపే మీ జాబ్ డిస్క్రిప్షన్ కాపీ అడిగి తీసుకోండి. మీరు నిజంగా చేసే పనికి సరిపోని లైన్ల కింద గీతలు పెట్టుకోండి. బ్యాండ్ ఫలితం ఈ మధ్యే చేతికొచ్చి ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి, రివ్యూ అడగడానికి మూడు నెలలే గడువు.