సంతోషకరమైన ప్రమాదం: ఒక కొత్త అనువాదకురాలికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ అనువాద కథ అందింది. వయసు రాశావు కాబట్టి నువ్వు అనే అంటున్నాను. నాలుగో పేజీ దాకా కుదురుగానే చదివాను. అక్కడ ‘ఒక సంతోషకరమైన ప్రమాదం వల్ల అతనికి స్టేషన్లో పాత స్నేహితుడు కలిశాడు’ అన్నావు చూడు, కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. రైల్వే స్టేషనూ ప్రమాదమూ ఒకే వాక్యంలో పడితే తెలుగువాడి కళ్లకి ముందు పట్టాలు తప్పిన బోగీలు కనిపిస్తాయి. పైగా అది సంతోషకరమైనదట!

కథలో జరిగిందేమిటి? అతనికి రైలు తప్పింది. తప్పబట్టి స్నేహితుడు కనబడ్డాడు. ‘రైలు తప్పడమే మంచిదైంది’ అంటే సరిపోయేది. ఇంగ్లీషులో ఉన్నది ‘హ్యాపీ యాక్సిడెంట్’. యాక్సిడెంట్ అంటే అక్కడ అనుకోకుండా జరిగినది. హ్యాపీ అంటే కలిసొచ్చినది. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు, అదృష్టం ఉంది.

హ్యాపీ అన్న మాట పుట్టుకే ఆ అదృష్టంలో ఉంది. ‘హాప్’ అంటే అదృష్టం, యోగం. పాత నార్స్, అంటే ఒకప్పటి స్కాండినేవియా వాళ్ల భాష, అందులోంచి ఇంగ్లీషులోకి వచ్చింది. జరగడానికి వాళ్లు వాడే ‘హాపెన్’, బహుశా అనడానికి ‘పర్‌హాప్స్’, దురదృష్టానికి ‘మిస్‌హాప్’, అన్నీ ఆ కడుపున పుట్టినవే. 14వ శతాబ్దంలో హ్యాపీ అన్నవాడు ముందు అదృష్టవంతుడు, తర్వాతే సంతోషపడేవాడు. జర్మన్‌లో ఈనాటికీ అదృష్టానికీ సంతోషానికీ ‘గ్లూక్’ అని ఒకటే మాట. ‘హ్యాపీ న్యూ ఇయర్’ని మనవాళ్లు ‘నూతన సంవత్సర శుభాకాంక్షలు’ చేశారు. ఎవరు చేశారో గానీ శుభం అన్న మాట పట్టుకోవడంలో ఆ హాప్ చెయ్యి జారిపోలేదు.

తొమ్మిదో పేజీలో నీ బడిపంతులు పిల్లలకి 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చదువుతాడు. ‘సంతోషాన్ని వెంబడించే హక్కు’ అని రాశావు. వెళ్లిపోయే బస్సు వెనక పరుగెత్తుతున్నట్టుంది. ఆ కాలంలో ‘హ్యాపీనెస్’ అంటే మనిషి బాగుండటం, కడుపు చల్లగా గడవటం, దేశం క్షేమంగా ఉండటం కూడా. ‘క్షేమంగా బతికే దారి వెతుక్కునే హక్కు’ అను. ఇంకా మెరుగైనది నీకే తట్టొచ్చు.

ఇక నీ ‘సంతోషం’ ముద్ర సంగతి. మూలంలో హ్యాపీ 23 చోట్లుంది. 19 చోట్ల నువ్వు సంతోషం అనే కొట్టావు. హ్యాపీ పక్కన ఏ చిన్న మాట ఉందో చూడకపోతే ఇలాగే అవుతుంది. ‘హ్యాపీ విత్’ అంటే తృప్తి. అక్కడ సంతోషం నప్పుతుంది కూడా, ఎందుకంటే సంస్కృతంలో ఆ మాటకి మూలం ‘తుష్’, తృప్తిపడటం. యోగశాస్త్రం చెప్పిన నియమాల్లో సంతోషం అంటే ఉన్నదానితో సరిపెట్టుకోవడమే. ‘హ్యాపీ టు వెయిట్’లో మాత్రం సంతోషమూ లేదు, తృప్తీ లేదు. ‘పర్వాలేదండీ, ఉంటాను’ అని. నువ్వు ‘సంతోషంగా వేచి ఉంటాను’ అన్నావు, డాక్టరు గుమ్మం ముందు ఎవడూ అలా ఉండడు. ‘హ్యాపీ ఫర్ యూ’ని ‘నీ కోసం సంతోషంగా ఉన్నాను’ చేశావు. మన ఇళ్లలో ఆ చోట ‘పోన్లే, నీకు మంచి జరిగింది, అదే చాలు’ అంటారు.

అన్నిటికన్నా ప్రమాదం, ఈసారి నిజం ప్రమాదమే, ‘నాట్ హ్యాపీ’. ‘తండ్రి సంతోషంగా లేడు’ అన్నావు. చదివినవాడు పాపం ఏ దిగులో అనుకుంటాడు. ఇంగ్లీషువాడు కోపాన్ని మెత్తగా చెప్పే తీరు అది. తండ్రి గుర్రుగా ఉన్నాడు. తర్వాతి పేజీలో ఆయన కుర్చీ తన్నేసరికి నీ పాఠకుడు బిత్తరపోతాడు.

ఇంకో సంగతి, ఇది వ్యాకరణం పుస్తకాల్లో అంతగా కనబడదు. ‘నాకు సంతోషంగా ఉంది’, ‘నేను సంతోషంగా ఉన్నాను’, రెండూ ఇంగ్లీషుకి ఒకటే, మనకి కాదు. మొదటిది ఈ క్షణం, ఈ కబురు విన్నందుకు. రెండోది బతుకు ఎలా ఉందో చెప్పడం. ఉద్యోగం కాగితం చేతిలో పట్టుకుని కుర్రాడు ‘నేను సంతోషంగా ఉన్నాను’ అంటే ఎవరో కాపురం ఎలా ఉందని అడిగినట్టుంటుంది.

ఇప్పుడు నా పిచ్చి చెబుతాను, విను. ఇంగ్లీషు సంతోషాన్ని విశేషణంలో దాచుకుంటుంది, తెలుగు క్రియలో దాచుకుంటుంది. మన మనుషులు సంతోషంగా ‘ఉండటం’ తక్కువ. మురిసిపోతారు, పొంగిపోతారు, సంబరపడతారు, ఉబ్బితబ్బిబ్బవుతారు. ఒక్కోటీ ఒక్కో తీరు. మురిపెం మెల్లగా సాగుతుంది, ఎక్కువగా పిల్లల్ని చూసినప్పుడు. పొంగడం పొగడ్తకి. సంబరానికి నలుగురు కావాలి. చంకలు గుద్దుకోవడంలో కాస్త వెక్కిరింత ఉంది, మంచివాడికి వాడకు. మనవడి ఉత్తరాన్ని దిండు కింద దాచుకున్న ముసలమ్మ దగ్గర నువ్వు ‘మురిసిపోయింది’ అన్నావు. అది బాగుంది. మూలంలో అక్కడా హ్యాపీయే ఉంది గమనించావా?

‘హర్షం’ జోలికి పోకు. అసలు అర్థం ఒళ్లు గగుర్పొడిచే ఆనందం. పేపర్లవాళ్లు రోజూ ‘హర్షం వ్యక్తం చేశారు’ అని అరగదీసి, ఇప్పుడు దాన్ని తీర్మానాల భాష చేశారు. ఎడిటర్ల సంగతి ఎత్తకూడదనుకున్నాను. ‘కులాసా’ తెలుగు కాదని కొట్టేసి ‘ఆనందంగా’ అని దిద్దే మహానుభావులున్నారు. ఉర్దూలో ఖులాసా అంటే సారాంశం. క్షేమం అన్న అర్థం మన ఇళ్లలో పెరిగింది. అంతకన్నా తెలుగు ఇంకేముంటుంది?

ఆ దారిలోనే హ్యాపీ కూడా మనదైపోతోంది. ‘ఈ బైపాస్‌లో హ్యాపీగా వెళ్లిపోవచ్చు’ అంటాడు ఆటోవాడు. అంటే అడ్డూ ఆపూ లేకుండా, నిక్షేపంగా అని. ‘అప్పు ఎగ్గొట్టి హ్యాపీగా తిరుగుతున్నాడు’ అంటే సిగ్గూ చింతా లేకుండా అని. ఇంగ్లీషు దొరకి ఈ వాడుక అందదు. ఈనాటి కుర్రాళ్ల మాటల్లో అలాగే ఉంచు. కథ చెప్పే గొంతులో మాత్రం వద్దు.

దిద్దేటప్పుడు మూలంలో ప్రతి హ్యాపీ కిందా గీత గీసి, అంచులో మూడు ముక్కలు రాయి: ఎవరికి, దేనికి, ఎంతసేపు. ‘ఎంతసేపు’ దగ్గర జవాబు లేకపోతే అది అదృష్టమో ఒప్పుకోలో అయి ఉంటుంది, సంతోషం కాదు. జవాబు ‘క్షణం’ అయితే క్రియ వెతుకు. ‘ఏళ్లు’ అయితే సుఖం, హాయి, నిశ్చింత, ఈ మూటలో చూడు. తర్వాత మూలం మూసేసి తెలుగు ఒక్కటే పైకి చదువు. నాలుక తడబడ్డ చోట ఇంగ్లీషు ఇంకా ఉన్నట్టే.

చివరి వాక్యం, ఇంటి అప్పు తీర్చేసి అరుగు మీద కూర్చున్న విధవరాలు, ‘షీ వజ్ హ్యాపీ’. ‘ఆమె సంతోషంగా ఉంది’ అన్నావు. ‘సుఖంగా’ అంటే అత్తవారింటి కబురులా ఉంటుంది. ‘హాయిగా’ అంటే గాలి తగిలినట్టుంటుంది, అది కొంత నిజమే. ‘నిశ్చింత’లో అప్పు తీరింది గానీ అరుగు లేదు. అక్కడ పెన్సిలు గీత పెట్టి వదిలేశాను. నువ్వే చూడు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, దాని సంగతి తర్వాత. ఈసారి వరసకీ వరసకీ మధ్య చోటు వదిలి పంపు, దిద్దడానికి వీలుండటం లేదు.