నట్టల మందు వేస్తే వాంతి చేసుకునే కుక్కకు ఏ మందు పడుతుంది?

మూడేళ్ల కుక్క, ఎప్పుడు నట్టల మాత్ర వేసినా వాంతి, మర్నాడు పల్చటి విరేచనం, దాని కడుపుకు పడే మందేదో చెప్పండి అని అడిగారు కదా. మా ఇంట్లో రెండేళ్లు ఇదే గొడవ. (పురుగుల మందు అనకుండా నట్టల మందు అనే అంటున్నాను, ఒకసారి ఫోన్లో "కుక్కకు పురుగుల మందు వేశాం" అంటే అవతలి మనిషి హడలిపోయింది.)

ముందు మేం చేసిన తప్పు చెప్తాను. అన్ని రకాల పురుగులకూ పనిచేసే మాత్ర తెచ్చి, ఎవరో చెప్పారని పొద్దున్నే పరగడుపున వేశాం. అరగంటలో పచ్చటి పసరు కక్కింది. తర్వాత డాక్టరు గారు చెప్పిందేంటంటే, ఇప్పుడు కుక్కలకు మామూలుగా వాడే నట్టల మందుల్లో చాలావాటికి పస్తు పెట్టాల్సిన పనే లేదు, ఫెన్‌బెండజోల్ అయితే తిండితో కలిపే ఇవ్వాలి. ఆ తర్వాతి సారి అదే మాత్ర రోజూ తినే తిండి సగం పెట్టాక వేసి, మిగతా సగం పైన పెట్టాం. వాంతి కాలేదు. కాబట్టి మందు మార్చే ముందు మీరు ఎప్పుడు, ఎలా వేస్తున్నారో చూసుకోండి. ఆ రోజు కొత్త తిండి, కొత్త బిస్కట్ ఏదీ పెట్టకండి, లేదంటే విరేచనం అయితే దేని వల్ల అయ్యిందో తేలదు.

ఇక ఏ మందు అన్నదానికి నా జవాబు, ముందు మలం పరీక్ష చేయించండి. అదే రోజుది, తాజాగా ఉన్నది పట్టుకెళ్లాలి. ఏ పురుగో తెలిస్తే నాలుగు మందులు కలిపిన మాత్ర బదులు దానికి సరిపడే ఒక్కటి వేస్తే చాలు, కడుపుకూ భారం తక్కువ. ఏలికపాములు, కొంకి పురుగులు మాత్రమే అయితే పైరాంటెల్ సరిపోతుంది. అది పేగుల్లోంచి ఒంట్లోకి పెద్దగా ఎక్కదు, రెండు వారాల పిల్లలకు కూడా ఇస్తారు, మా దానికి ఈ మందు ఇప్పటిదాకా పడకపోవడం అంటూ లేదు. కానీ అది బద్దె పురుగును చంపదు, కొరడా పురుగునూ చంపదు. మలం మీద, తోక కింద బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తే అది బద్దె పురుగు, దానికి ప్రాజిక్వాంటెల్ కావాలి. మాత్ర విరిస్తే భలే చేదు, నోట్లో కరిగిందంటే కుక్క నురగ కారుస్తుంది. మేం ఒకసారి దాన్ని వాంతి అనుకుని కంగారు పడ్డాం. వీలైతే విరవకుండా తిండి ముద్దలో దాచి వేయండి. ఈ పురుగు ఎక్కువగా బొచ్చులో గెంతే ఫ్లీల వల్ల వస్తుంది, వాటిని వదిలించకుండా ఎన్ని మాత్రలు వేసినా మళ్లీ వస్తుంది.

మా దాని అసలు కథ వేరు. రెండేళ్లుగా దాని కడుపే అంత, సున్నితం అనుకుంటూ వచ్చాం, అప్పుడప్పుడూ జిగురు జిగురుగా విరేచనం, రెండ్రోజులకు తగ్గిపోవడం, మళ్లీ మొదలు. రెండు పరీక్షల్లో ఏమీ కనిపించలేదు, మూడోసారి కొరడా పురుగు గుడ్లు దొరికాయి. ఆ పురుగు రోజూ గుడ్లు పెట్టదట, అందుకే తప్పించుకుంటుంది. ఫెన్‌బెండజోల్ పొడి కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున రోజుకోసారి 3 రోజులు తిండిలో కలిపి ఇచ్చాం, అలాగే 3 వారాల తర్వాత మరోసారి, 3 నెలల తర్వాత ఇంకోసారి ఇచ్చాం. గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి మలం ఏ రోజుది ఆ రోజే ఎత్తేస్తున్నాం. విరేచనాలు ఆగిపోయాయి. మీ దానిది కూడా నిజంగా సున్నితమైన కడుపేనా, లేక లోపల పురుగో జియార్డియానో (పేగుల్లో చేరే, కంటికి కనిపించని పరాన్నజీవి) ఉందా అన్నది ఒకసారి డాక్టరును అడగండి.

మాత్రలు అస్సలు పడకపోతే మెడ వెనక చర్మం మీద వేసే మాక్సిడెక్టిన్ చుక్కలు ఉన్నాయి, కడుపుతో పని లేదు, కానీ బద్దె పురుగుకు పనిచేయవు, ఆరేదాకా నాకనివ్వకూడదు. కోలీ జాతి అయితే ఐవర్‌మెక్టిన్ లాంటివి డాక్టరుకు చెప్పకుండా వేయొద్దు, కొన్నింటికి జన్యులోపం వల్ల అది మెదడుకు ఎక్కుతుంది. మనుషుల సిరప్ కూడా పోయకండి, కొన్నింటిలో తీపికి వేసే జైలిటాల్ కుక్కలకు విషం.

బరువు మాత్రం అంచనా వేయకండి, తూకం వేయించండి. మేం కళ్లతో చూసి వేసిన లెక్కకూ తూకానికీ మధ్య 4 కిలోల తేడా వచ్చింది! మాత్ర వేశాక వాంతి చేసుకుంటే అందులో మాత్ర ఉందేమో చూడండి, ఎన్ని నిమిషాలకు అయ్యిందో రాసిపెట్టుకోండి, మీ అంతట మీరు రెండో మాత్ర వేయకండి, ఫోన్ చేసి అడగండి. ఒకసారి వాంతి, మర్నాటికి తగ్గే విరేచనం అయితే టెన్షన్ పడక్కర్లేదు. మలంలో చచ్చిన పురుగులు కనిపించినా కంగారు వద్దు, మందు పనిచేసిందన్నమాట. వాంతులు ఆగకపోయినా, రక్తం పడినా, చిగుళ్లు పాలిపోయి నీరసంగా పడుకున్నా తెల్లారేదాకా ఆగకండి, అప్పటికప్పుడే తీసుకెళ్లండి.