సేవింగ్స్‌లో డబ్బు, ఓడీలో బాకీ

ప్రశ్న: తెనాలిలో మాకు ఫ్యాన్సీ షాపు ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి 5 లక్షల ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే లిమిట్ వరకు కావాల్సినప్పుడు తీసి, ఉన్నప్పుడు కట్టుకునే బ్యాంకు అప్పు) తీసుకున్నాను, వడ్డీ 11.5 శాతం. మూడేళ్లుగా బాకీ 4.6 లక్షల దగ్గరే ఉంది. 2 లక్షల ఎఫ్‌డీ 6.75 శాతానికి ఉంది, తీరడానికి ఇంకా 5 నెలలు. షాపు క్యూఆర్ డబ్బులు సేవింగ్స్ ఖాతాలో పడతాయి. హోల్‌సేల్ వాళ్లకు ఇవ్వాలి కాబట్టి అందులో ఎప్పుడూ 80 వేలకు తగ్గనివ్వను. మా బావమరిది రూపాయి వడ్డీకి ఇస్తానంటున్నాడు. తెచ్చి ఓడీ కట్టేయమంటారా?

జవాబు: వద్దండీ. రూపాయి వడ్డీ అంటే చెవికి చిన్నగా వినిపిస్తుంది గానీ, ఏడాదికి 12 శాతం. మీ ఓడీ కంటే అర శాతం ఎక్కువే. పైగా చుట్టరికం మధ్యలోకి వస్తుంది.

నాకు కడుపు మండింది ఆ 80 వేలు చూసి! ఓడీకి వడ్డీ రోజూ లెక్కేస్తారు. రాత్రికి ఎంత బాకీ మిగిలితే దాని మీదే. మీ 4.6 లక్షలకు రోజుకు దాదాపు 145 రూపాయలు. ఆ 80 వేలు ఓడీలో పడి ఉంటే ఏడాదికి 9,200 వడ్డీ తప్పేది. సేవింగ్స్‌లో రెండున్నర శాతం చొప్పున వచ్చేది 2,000. అంటే 7,200 ఉత్తపుణ్యానికి పోతోంది. క్యూఆర్‌ను ఓడీ ఖాతాకు మార్పించండి. హోల్‌సేల్ వాళ్లకు ఇవ్వాల్సిన రోజున మళ్లీ అందులోంచే తీసి ఇవ్వొచ్చు, లిమిట్ ఎక్కడికీ పోదు.

నేను బ్యాంకులో ఉన్న రోజుల్లో ఒక కిరాణా ఆయన రోజూ మూడున్నరకు గుడ్డసంచీతో వచ్చేవాడు. ఒక్కోసారి మూడు వేలే ఉండేవి, అవీ నలిగిన పది రూపాయల నోట్లు. కౌంటర్లో విసుక్కునేవాళ్లం. ఆయన మాత్రం ‘రాత్రి వడ్డీ తగ్గుద్ది సార్’ అనేవాడు. లెక్క ఆయనదే కరెక్టు.

ఎఫ్‌డీని ఇప్పుడే విరగ్గొట్టకండి. ముందే తీస్తే చాలా బ్యాంకులు ఇన్నాళ్లకు ఇచ్చే వడ్డీ రేటులో అర నుంచి ఒక శాతం కోస్తాయి. దాని మీదే అప్పు అడగండి. మామూలుగా ఎఫ్‌డీ రేటుకు ఒక శాతం కలిపి, 90 శాతం వరకు ఇస్తారు. 7.75కు 1.8 లక్షలు తీసి ఓడీలో వేస్తే ఈ 5 నెలల్లో సుమారు 2,800 మిగులుతాయి. రెండేళ్లు మిగిలి ఉంటే మాత్రం విరగ్గొట్టడమే మేలనేవాణ్ని.

ఇక అసలు రోగం. ఓడీకి ఈఎంఐ ఉండదు కాబట్టి కట్టినంతా మళ్లీ సరుకులోకి లాగేస్తాం. మీ మూడేళ్ల కథ అదేనని నా అనుమానం. నెలకు 10 వేల చొప్పున లిమిట్ తగ్గించమని బ్రాంచికి ఉత్తరం ఇవ్వండి. మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది. పండగ సీజన్‌కు ముందు మాత్రం ఇవ్వకండి, సరుక్కి ఇబ్బంది పడతారు. సంక్రాంతి వెళ్లాక ఇవ్వండి.

ఇంకొకటి. ఎఫ్‌డీకి ఆటో రెన్యువల్ పెట్టి ఉందేమో చూసుకోండి. ఉంటే ఇప్పుడే తీయించండి. తీయించకపోతే తీరిన రోజు అదే మళ్లీ కొత్త ఎఫ్‌డీ అయి కూర్చుంటుంది.