కోరింగకు పోటు వేళ చూసుకుని బయలుదేరండి

ప్రశ్న: నిరుడు సంక్రాంతి సెలవుల్లో పిల్లలిద్దరినీ, మా అత్తగారినీ తీసుకుని కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యానికి వెళ్ళాము. బోర్డు మీద బొమ్మ తప్ప బావురుపిల్లి ఎక్కడా కనిపించలేదు. పడవ ఎక్కుదామంటే కాలువలో నీరు తీసి ఉంది. రెండు గంటల్లో తిరిగి వచ్చేశాము. ఈ ఏడు మళ్ళీ వెళదామని పిల్లలు అడుగుతున్నారు. ఏ వేళకు వెళితే జంతువులు కనిపిస్తాయి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు పాటు వేళకు, అంటే సముద్రపు నీరు వెనక్కి తీసే వేళకు వెళ్ళారు గనుక పడవ కదలలేదు. అయితే ఆ అడవిలో పిల్లలకు చూపించదగినవి ఎక్కువగా బయటపడేది ఆ వేళలోనే. వాటిని చూడకుండా తిరిగి వచ్చేశారని చెప్పక తప్పదు.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో చెట్లు, చేపలు, పక్షులు, పడవలు అన్నీ సముద్రపు పోటుపాట్లను అనుసరించే ఉంటాయి. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది కాబట్టి, ఈ రోజు ఉదయం పదింటికి నిండిన కాలువ రేపు పదకొండు కావస్తే గాని నిండదు. అందువల్ల నిరుడు వెళ్ళిన గంటకే ఈ ఏడూ వెళితే అదే దృశ్యం కనిపిస్తుందని అనుకోవద్దు. ముందు రోజే కాకినాడ తీరపు పోటు వేళలు చూసుకొని, లేదా అక్కడి అటవీ సిబ్బందిని అడిగి తెలుసుకొని, నీరు పూర్తిగా తీసి మళ్ళీ ఎక్కడం మొదలయ్యే సమయానికి ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్ల మధ్య వేసిన చెక్క వంతెన మీద ఉండేటట్లు బయలుదేరండి. రెండు మూడు గంటలు అక్కడ గడిపేసరికి కాలువలో పడవకు చాలినంత నీరు చేరడానికి అవకాశం ఉంటుంది.

ఇక బావురుపిల్లి సంగతి. పెంపుడు పిల్లికి దాదాపు రెండింతలు ఉండే ఈ జంతువు కాలివేళ్ళ మధ్య కొద్దిపాటి పొర ఉంటుంది. ఒంటి మీది దట్టమైన లోపలి నూగు వల్ల నీటిలో దిగినా చర్మం తడవదు. అది చేపల వేటకు బయటికి వచ్చేది ఎక్కువగా రాత్రిపూట, సందర్శకులు ఇళ్ళకు చేరాక. కాబట్టి దాన్ని చూపిస్తామని పిల్లలకు మాట ఇవ్వవద్దు. దానికి బదులు నీరు తీసిన బురద గట్ల మీద దాని అడుగుజాడలు వెదకమనండి. నీటికుక్కలు తిరిగిన చోట చేప పొలుసులతో నిండిన పెంటికలు కూడా కనిపించవచ్చు. పిల్లలు వాటిని చూసి ముక్కు మూసుకున్నా, ఇంటికి వచ్చాక ముందుగా చెప్పేది వాటి గురించే అని నా అనుభవం.

వంతెన మీద ఒకచోట పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. మీ అలికిడికి బొరియల్లో దూరిన పీతలు ఒక్కొక్కటిగా పైకి వస్తాయి. వాటిలో ఒక జాతి మగ పీతకు ఒక డెక్క చిన్నది, రెండవది దాదాపు ఒంటికి సమానమైనది. ఆ పెద్ద డెక్కను పైకెత్తి ఊపుతూ అది ఆడ పీతను పిలుస్తుంది, పొరుగు మగవాటిని బెదిరిస్తుంది. పక్కనే ఒక రకం చేపలు బురద మీద రెక్కలతో పాకుతూ, గెంతుతూ ఉంటాయి. చర్మం తడిగా ఉన్నంతసేపు అవి నీటి బయట కూడా ఊపిరి తీసుకోగలవు. నడుస్తూ, కబుర్లు చెప్పుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ పోయేవారికి ఇవేవీ కనిపించవు.

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వలస పక్షులూ ఉంటాయి, ఎండ బాధా తక్కువ. మీ అత్తగారికి టోపీ, మంచినీళ్ళు, మధ్యలో కూర్చునే వ్యవధి చూసుకుంటే చాలు.

ప్రశ్న: (అదే ఉత్తరం చివర, పదకొండేళ్ళ కుమారుడి చేతిరాతలో) ఉప్పునీళ్ళు పోస్తే మా ఇంట్లో గులాబి మొక్క చచ్చిపోయింది. మరి మడచెట్లు ఎలా బతుకుతున్నాయి?

జవాబు: గులాబికి జరిగిన అన్యాయం సంగతి మీ అమ్మగారు చూసుకుంటారు గాని, ప్రశ్న మాత్రం చాలా మంచిది. అన్ని మడచెట్లూ ఒకే ఉపాయం పన్నలేదు. ఉప్పు పొన్న వేళ్ళు నీటిని పీల్చుకునేటప్పుడే చాలా వరకు ఉప్పును బయటే వడకట్టేస్తాయి. తెల్లమడ కొంత ఉప్పును లోపలికి రానిచ్చి, తరువాత ఆకుల మీదికి నెట్టేస్తుంది. తడి ఆరిన ఆకు మీద వేలు రాస్తే గరుకుగా తగిలేది ఆ ఉప్పే. ఆ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళలాగా పైకి పొడుచుకు వచ్చిన వేళ్ళు, గాలి ఆడని బురదలో ఉన్న మిగతా వేళ్ళకు గాలి అందిస్తాయి.

ఆకు తాకే ముందు ఒక మాట. సిబ్బంది చూపించిన చెట్టునే తాకాలి, ఏ కొమ్మనూ విరవకూడదు. అక్కడ తిల్ల అనే చెట్టు ఉంది. దాని పాలు కంట్లో పడితే మంట పుట్టి కొంతకాలం చూపు పోయే ప్రమాదం ఉంది. చిదంబరానికి తిల్లై అన్న పేరు వచ్చింది ఈ చెట్ల వల్లనే. మీ నాయనమ్మగారు అక్కడి తిల్లై కాళి గుడికి వెళ్ళి ఉంటే, ఆ కథ ఆవిడనే అడుగు.