‘ప్రసార ద్రవం’, ‘శీతల రేఖలు’ అనవచ్చునా?

సందేహం: టెక్సాస్‌లో ఉంటున్నాను. నా పికప్ ట్రక్కుకు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ ఇంటి దగ్గరే మార్చుకునే పద్ధతిని తెలుగులో రాస్తూ ‘ప్రసార ద్రవం’, ‘శీతల రేఖలు’, ‘దగ్ధ వాసన’ అన్నాను. ‘గేర్ ఆయిల్ అంటే సరిపోయేది కదా’ అన్నారు మా నాన్నగారు. ‘కందెన’ అనవచ్చునా?

సమాధానం: ‘ప్రసారం’ నలుదిక్కులకూ వ్యాపింపజేయడం, రేడియోకు, టీవీకి అది స్థిరపడిపోయింది. ఇంజను తిప్పే బలాన్ని చక్రాలకు అందించే పెట్టెకు ఆ మాట నప్పదు. దానికి మనవాళ్లందరూ వాడే ‘గేర్‌బాక్సు’ ఉండనే ఉంది.

మీ నాన్నగారి మాట సహజమైనదే. మన లారీలు చాలాకాలం చేత్తో గేర్లు మార్చేవే కాబట్టి, విజయవాడ ఆటోనగర్‌లో గేర్ ఆయిల్ అంటే చిక్కగా, జిగురుగా ఉండే నూనె. మీరు పోసేది పల్చనిది, గుర్తు తెలియడానికి సాధారణంగా ఎర్ర రంగు కలిపినది. మీ రాత చదివి ఎవరైనా మొదటిదాన్ని కొని రెండోదాని చోట పోస్తే గేర్‌బాక్సు పాడవుతుంది కనుక, ఇక్కడ వాడుక మాటను కూడా కాస్త బిగించి వాడాలి. ‘ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్’ అని రాసి, తొలిసారి వచ్చినచోట ‘డబ్బా మీద ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) అని ఉండేది’ అని చేర్చండి. డెక్స్‌రాన్, మెర్కాన్ వంటి రకాలలో బండితో వచ్చిన పుస్తకం ఏది చెబితే అదే పోయాలని కూడా రాయండి.

‘కందెన’ నాకు ఎంతో ఇష్టమైన మాట. ఎడ్లబండి ఇరుసుకు, గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి పెట్టేవారు. అయితే కందెన చేసేది ఒరిపిడి తగ్గించడం ఒక్కటే. ఈ ఆయిల్ ఆ పనితో పాటు, ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో బలాన్ని అందిస్తుంది, లోపలి క్లచ్‌లను ఒత్తిడితో బిగిస్తుంది, వేడిని మోసుకుపోతుంది. ఇన్ని పనులను ఆ చిన్న మాట మోయలేదు. ‘నూనె’ అన్నా అర్థంలో తప్పు లేదు. నువ్వుల నెయ్యి కాస్తా నూనె అయి, అన్ని నూనెలకూ పేరయింది, తిలల నుంచి తైలం వచ్చినట్టే. కానీ ఇవాళ కూరకు నూనె, బండికి ఆయిల్ అన్న విభజన గట్టిపడింది. దాన్ని గౌరవించడమే మేలు.

‘కూలర్ లైన్స్’ను మీరు ‘శీతల రేఖలు’ అన్నారు. ‘రేఖ’ గీసేది. ఆయిల్ పారేది గొట్టంలో, అంటే పైపులో. ‘చల్లబరిచే గొట్టాలు’ అన్నా పొరపాటే, చల్లబరిచేది కూలర్ కాబట్టి. ‘కూలర్‌కు వెళ్లే పైపు, కూలర్ నుంచి తిరిగి వచ్చే పైపు’ అంటే విప్పేవాడికి ఏది ఏదో తెలుస్తుంది. వాటి బిగింపుల దగ్గర ఆయిల్ తడి మాత్రమే కనిపిస్తే ‘చెమర్చింది’ అనండి, చుక్కలు పడుతుంటే ‘కారుతోంది’ అనండి. రెండింటికీ ‘లీకేజీ’ అని ఊరుకోవద్దు.

మాటలకన్నా ముఖ్యమైన సవరణలు రెండున్నాయి. ‘అడుగు పళ్లెం విప్పి ఆయిల్ మొత్తం తీసేయండి’ అన్నారు. ఆ ‘మొత్తం’ నిజం కాదు. టార్క్ కన్వర్టర్‌లోను, కూలర్‌లోను, పైపుల్లోను చాలా భాగం ఉండిపోతుంది. ‘దిగినంత దించి, కొలిచి, అంతే కొత్తది పోయండి’ అని రాయాలి. అలాగే ‘ఇంజను ఆపి మట్టం చూడండి’ అన్నది ఇంజను ఆయిల్ అలవాటు. గేర్‌బాక్సుకు డిప్‌స్టిక్, అంటే మట్టం చూసే కడ్డీ, ఉన్న చాలా బండ్లలో ఆయిల్ వేడెక్కాక, ఇంజను నడుస్తుండగానే చూడాలి. ‘ఆపి’కీ ‘నడుస్తుండగా’కూ ఉన్న తేడాను ఇక్కడ ఏమరితే పోసే కొలతే మారిపోతుంది.

చివరిగా, ‘దగ్ధ వాసన’. డిప్‌స్టిక్‌ను తెల్లగుడ్డతో తుడిచినప్పుడు ఎరుపు పోయి ముదురు గోధుమ మరక పడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వచ్చే ఆ మాడిన వాసనకు మనకు ‘కమురు’ ఉంది. ‘కమురు వాసన వస్తే’ అని రాయండి. మీ నాన్నగారికి ఇక ఏ వివరణా అక్కరలేదు.