గంటల తరబడి డెస్క్‌టాప్ సెట్టింగ్స్ మార్చుకునే అబ్బాయి టైమ్ వేస్ట్ చేస్తున్నట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. లినక్స్ వేసుకుని, ఏ కీ నొక్కితే ఏ విండో రావాలో మార్చుకుంటూ గంటలు గంటలు కూర్చుంటున్నాడు. అడిగితే స్పీడ్ పెరుగుతుంది అంటాడు. ఇది ఉద్యోగానికి ఏమైనా పనికొస్తుందా, మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి. ప్రోగ్రామింగ్ పనిలో రోజంతా కోడ్ రాసే ఎడిటర్, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్, బ్రౌజర్ మధ్య తిరుగుతూనే ఉండాలి. ప్రతిసారీ మౌస్ పట్టుకుని వెతుక్కుంటే పోయేది రెండు సెకన్లే కావచ్చు గానీ, ఆ కాస్తలోనే బుర్రలో ఉన్న ఆలోచన జారిపోతుంది, అసలు నష్టం అది. అయితే ఒకటి గమనించండి. పెట్టుకున్న షార్ట్‌కట్లతో కోడ్ రాస్తున్నాడా, లేక వారానికో థీమ్, పూటకో వాల్‌పేపర్ మారుస్తున్నాడా? మొదటిదైతే టెన్షన్ వద్దు. రెండోదైతే మాత్రం సెట్టింగ్స్‌కి ఆదివారం ఒక గంట చాలని గట్టిగా చెప్పండి.

మిగతాది ఆ అబ్బాయికే చెప్తాను, చదివించండి.

బాబూ, ఆల్ట్ ట్యాబ్ అందరికీ వచ్చు. కానీ ఆరేడు విండోలు తెరిచాక అదీ వెతుకులాటే, ఎందుకంటే చివరగా ఏది వాడావో దాన్ని బట్టి వరుస మారిపోతుంటుంది. వేళ్లకి అలవాటు కావాలంటే చోటు మారకూడదు. అందుకే అంకెలు వాడు. లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్‌లో డాష్‌కి, అంటే యాప్ ఐకాన్ల పట్టీకి, పిన్ చేసిన యాప్‌లు సూపర్ కీతో (విండోస్ గుర్తుండే కీ) పాటు 1, 2, 3 నొక్కితే అదే వరుసలో వస్తాయి. తెరిచి లేకపోతే తెరుచుకుంటాయి, ఉంటే ముందుకొస్తాయి. 1 టెర్మినల్, 2 ఎడిటర్, 3 బ్రౌజర్ అని ఒకసారి అనుకున్నాక ఇక కదపకు. ఒకే యాప్‌వి రెండు మూడు విండోలుంటే ఆల్ట్‌తో పాటు ట్యాబ్ పైనున్న కీ నొక్కు.

విండోస్ నాకెందుకు అనుకోకు. చాలా ఆఫీసుల్లో వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో నీకు నచ్చిన సాఫ్ట్‌వేర్ వేసుకోనివ్వరు, అక్కడ దాంతో పాటు వచ్చే షార్ట్‌కట్లే దిక్కు. టాస్క్‌బార్ మీద పిన్ చేసిన యాప్‌లకి అక్కడా విండోస్ కీ, అంకె పనిచేస్తాయి. విండోస్ కీతో ఎడమ, కుడి బాణాలు నొక్కితే విండో సగం స్క్రీన్‌కి సర్దుకుంటుంది. 2015లో విండోస్ 10తో వర్చువల్ డెస్క్‌టాప్‌లు కూడా వచ్చాయి: కంట్రోల్, విండోస్ కీ, డి కలిపి నొక్కితే కొత్తది, డి బదులు బాణం నొక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి. ఒకదాంట్లో చదువు, ఇంకోదాంట్లో చాటింగ్ పెట్టుకుంటే చాలు, ఎంత ప్రశాంతంగా ఉంటుందో నువ్వే చూస్తావు.

ఇక ఉద్యోగం సంగతి. రెజ్యూమెలో షార్ట్‌కట్లు వచ్చు అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. పనికొచ్చేది దాని వెనకున్న విద్య. ఉదాహరణకి కస్టమ్ షార్ట్‌కట్‌కి విండోలని కదిపే wmctrl కమాండ్ తగిలించి, ఫలానా విండో ముందుకు రావాలని చిన్న స్క్రిప్ట్ రాశావనుకో. లినక్స్‌లో విండోలని స్క్రీన్ మీద చూపించే పాత పద్ధతి ఎక్స్11లో చక్కగా నడుస్తుంది, కొత్త పద్ధతి వేలాండ్‌లోకి మారగానే చాలా విండోలు దానికి కనపడవు. అక్కడ ఇంకో స్క్రిప్ట్ కాపీ కొట్టి ముందుకెళ్లిపోకు, ఎందుకు కనపడట్లేదో తవ్వు. ఒక యాప్ ఇంకో యాప్ విండోల జోలికి పోకుండా వేలాండ్ ఎలా కట్టడి చేస్తుందో అర్థమైతే, సెక్యూరిటీ గురించి నిజంగా ఒక పాఠం నేర్చుకున్నట్టే. సిస్టమ్ అడ్మిన్, డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ల మీద నడిపించే పని) ఇంటర్వ్యూల్లో పనికొచ్చేది ఇలా మూలం దాకా వెళ్లే అలవాటే.

ఈ వారమే నీ కాన్ఫిగ్ ఫైళ్లన్నీ, అంటే సెట్టింగ్స్ ఉండే ఫైళ్లన్నీ, ఒక గిట్ రిపాజిటరీలో (ప్రతి మార్పు చరిత్రనీ దాచే ఫోల్డర్) పెట్టు. కొత్త మెషీన్‌లో ఒక్క కమాండ్‌తో అంతా సెట్ అయ్యేలా ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ రాయి, ఏది ఎందుకు మార్చావో రీడ్‌మీలో నాలుగు ముక్కలు రాసిపెట్టు. పబ్లిక్ చేసే ముందు మాత్రం ఆ ఫైళ్లలో పాస్‌వర్డ్‌లు, టోకెన్లు ఏమైనా ఉండిపోయాయేమో తప్పకుండా చూసుకో, పాత కమిట్లలో (ముందు సేవ్ చేసిన మార్పుల్లో) కూడా.